తడిగుడ్డ మీద జరిగిన విచారణ

ఈమధ్య ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎక్కడ కలిసినా నన్ను అడుగుతుంటారు, "అంకుల్, మీ సర్వీసులో మీరు చూసిన పెద్ద క్రాష్ ఏది?" అని. సర్వర్లు పడిపోయిన కథలు నా దగ్గర చాలానే ఉన్నాయి. చెబితే మీకు నిద్రొస్తుంది. పడిన సర్వరు ఎలాగూ లేస్తుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్నారు పెద్దలు. జారిన ఆ మాటను ఒక యంత్రం విని, ఇంగ్లీషులో పెట్టి, పై అధికారికి మెయిల్ కొడితే ఏమవుతుందో పెద్దలకు తెలియదు. నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

అప్పటికి నేను అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనోలో గ్యారేజ్ తలుపులు తయారుచేసే ఒక కంపెనీలో ఐటీ విభాగంలో ఉన్నాను. మెయిలు, వీడియో కాల్స్, లాప్‌టాప్‌లు నా పని. ఎవరి కెమెరా పనిచేయకపోయినా నన్నే పిలిచేవారు. చాలాసార్లు దాని మీది మూత పక్కకు జరిపితే సరిపోయేది. వాళ్లు మాత్రం ఏదో మహత్తు చూసినట్టు దండం పెట్టేవారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ముగ్గురు తెలుగువాళ్లది ఒక బల్ల. ఒకామె విశాఖపట్నం వైపు మనిషి, టెస్టింగ్‌లో పనిచేసేది. టెక్నాలజీ రంగంలో ఉంటూ టెక్నాలజీని ఆమె అంతగా నమ్మని మనిషిని నేనింకెక్కడా చూడలేదు. లాప్‌టాప్ కెమెరాకి నల్లటి టేపు, ఫోన్ కెమెరాకి బ్యాండ్ఎయిడ్. "మొన్న ఇంట్లో మిక్సీ పాడైందని మా ఆయనతో అన్నానండీ, అంతే, సాయంత్రానికల్లా ఫోన్ నిండా మిక్సీల యాడ్సే," అని నెలకోసారైనా చెప్పేది. రెండో మనిషి వరంగల్ కుర్రాడు. కుర్రాడంటున్నాను గాని పెళ్లయి, కిండర్‌గార్టెన్ చదివే కూతురున్నవాడు. హెచ్-వన్ వీసా మీద ఉన్నాడు. గ్రీన్ కార్డు కాగితాలు కంపెనీ ద్వారా నడుస్తున్నాయి. అతనిది ఆమెకు పూర్తిగా ఎదురు గుణం. మార్కెట్లోకి ఏ వస్తువు వచ్చినా మొదట అతని ఇంటికే వచ్చేది. వాళ్లింట్లో దీపం కూడా నోటితో చెబితే వెలిగేది. అతని తెలంగాణ యాస దానికి అర్థంకాక ఒక్కోసారి ఫ్యాను తిరిగేది.

వీళ్లిద్దరి మధ్య కూర్చుని నేను రోజూ టెక్నాలజీ వార్తలు వినేవాణ్ణి. చదవాల్సిన అవసరం ఉండేది కాదు.

శుక్రవారాలు అందరూ ఇళ్లనుంచే పనిచేసేవారు. భోజనాల బల్ల వీడియో కాల్ మీదికి మారేది. ఇందుకోసం కొత్తగా మీటింగ్ ఎందుకని, ఎప్పుడో ఆగిపోయిన ఒక పాత ప్రాజెక్టు మీటింగ్ క్యాలెండర్లో మిగిలిపోయి ఉంటే దాన్నే వాడుకునేవాళ్లం. ఆ ఆహ్వానంలో మా డైరెక్టర్ పేరు కూడా ఉండేది. ఆయన ఏనాడూ రాలేదు కాబట్టి మేం దాన్ని మర్చిపోయాం.

డైరెక్టర్ టెక్సాస్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. పొడుగ్గా, తెల్లగా, ఎప్పుడూ చిరునవ్వుతో ఉండేవారు. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. తలుపు దగ్గర ఎదురైతే పట్టుకుని నిలబడి మనల్ని ముందు పంపేవారు. ఆయనతో ఉన్న చిక్కల్లా విమాన ప్రయాణాలు. విమానంలో టెక్నాలజీ వార్తలేవో చదివేవారు. ఆయన దిగాక మాకు పని పడేది.

అలా ఒకసారి దిగి నన్ను పిలిచారు. "ఇకనుంచి మన మీటింగులన్నిటికీ ఏఐ నోట్స్ రాయాలి. ఎవరేమన్నారు, ఎవరేం చేయాలి అన్నది మీటింగ్ అయిన మరుక్షణం అందరికీ మెయిల్లో వెళ్లాలి," అన్నారు.

పెట్టాను. నోట్స్ రాసే బాట్ పెట్టామని, ప్రతి మీటింగులోనూ అది ఒక బూడిదరంగు చదరంలో కనిపిస్తుందని, ఆహ్వానితులందరికీ సారాంశం పంపుతుందని కంపెనీ మొత్తానికి వివరంగా మెయిల్ రాశాను. ఐటీ వాళ్ల మెయిళ్లు ఎంతమంది చదువుతారో మీకు తెలుసు. దానికి వచ్చే భాషల్లో తెలుగు కూడా కనిపిస్తే ముచ్చటపడి పరీక్ష చేశాను. "నమస్కారం" అన్నాను. కళ్లకు పెట్టుకునే మస్కారా గురించి ఏదో రాసింది. దీనికింతే వచ్చు అనుకుని ఊరుకున్నాను. ఆ తర్వాత కొన్నాళ్లకు దానికి పెద్ద అప్‌డేట్ వచ్చిందన్నది వార్తల్లో పడ్డదట. మా బల్ల దగ్గర ఆ రోజు చర్చ వేరే ఏదో.

ఆ శుక్రవారం కాల్ కలవగానే మా మూడు చదరాల పక్కన నాలుగోది కూడా వచ్చి కూర్చుంది.

"ఇదేంటండీ మన నెత్తిన?" అంది విశాఖ ఆమె.

"దానికేం సమజైతది అక్కా. మన తెలుగు మనకే సక్కగ రాదు," అన్నాడు వరంగల్ అతను.

ఆమె కెమెరాకి టేపు వేసి ఉంది కాబట్టి ధైర్యంగానే ఉంది. మాట వినడానికి కెమెరా అక్కర్లేదన్న సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.

కబుర్లు కొత్త ఫోన్‌తో మొదలయ్యాయి. "కెమెరా ఇంకాస్త లావైంది, అంతే కదండీ," అందామె. "ఏడాదంతా హడావుడి చేసి, కొండను తవ్వి ఎలుకను పట్టారమ్మా," అన్నాను నేను. వరంగల్ అతను తల గోక్కున్నాడు. తర్వాత, "నేను ఆల్రెడీ ప్రీ-ఆర్డర్ చేసిన అన్నా," అన్నాడు.

అక్కణ్ణుంచి ఏఐ మీదికి వెళ్లాం. "పని తగ్గిస్తుందంటారు. అది తగ్గించేది పని కాదండి, మనుషుల్ని. మన నోట్లో మట్టి కొట్టడానికే ఇదంతా," అందామె.

"ఎవరి ఉద్యోగాలకీ ఢోకా లేదని డైరెక్టర్ గారు మొన్న మీటింగులో చెప్పారు కదమ్మా," అన్నాను.

"చెవిలో పువ్వులు పెడుతున్నారు, అన్నయ్యగారూ."

"ఆయన సంగతి మీకు తెల్వది," అన్నాడు వరంగల్ అతను. "ఎప్పుడన్న గట్టిగ మాట్లాడిండా? నవ్వుకుంటనే ఉంటడు. తడిగుడ్డతోని మెల్లగ గొంతు కోసుడే."

ముగ్గురం నవ్వుకున్నాం. ఏ బజార్లో గోంగూర లేతగా దొరుకుతోందో మాట్లాడుకుని కాల్ ముగించాం.

నేను పెరుగన్నం కలుపుకుంటుండగా మెయిల్ వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. మళ్లీ తెలుగులోకి తిప్పి చెబుతున్నాను, వినండి.

"ఈ సమావేశంలో కొత్త ఫోను, కృత్రిమ మేధ, ఆకుకూరల లభ్యత చర్చకు వచ్చాయి. ఒక కొండను తవ్వి ఎలుకను పట్టుకున్నట్టు సభ్యులొకరు నివేదించారు. యాజమాన్యం ఉద్యోగుల నోళ్లలో మట్టి వేస్తున్నదని, చెవుల్లో పువ్వులు ఉంచుతున్నదని ఆందోళన వ్యక్తమైంది. డైరెక్టర్ గారి గొంతును తడి వస్త్రంతో నెమ్మదిగా కోయాలని ఒక సభ్యుడు సూచించగా మిగిలినవారు హర్షం వెలిబుచ్చారు. చేయవలసిన పనులు: ఎలుక విషయం పరిష్కరించాలి. గొంతు విషయానికి గడువు నిర్ణయించలేదు."

అందుకున్నవారి జాబితాలో డైరెక్టర్ పేరు అందరికన్నా పైన ఉంది.

అన్నం అలాగే ఉండిపోయింది. ఫోన్ మోగింది. విశాఖ ఆమె. "చూశారా అన్నయ్యగారూ? నేను చెబుతూనే ఉన్నాను కదండీ, అన్నీ వింటాయని," అంది. ఏడుపులోనూ ఆమె గొంతులో కొంచెం గెలుపు వినపడింది.

సాయంత్రానికి హెచ్ఆర్ నుంచి వరంగల్ అతనికి మెయిల్ వచ్చింది. విచారణ పూర్తయ్యేదాకా ఆఫీస్‌కి రావద్దని, బ్యాడ్జి పనిచేయదని. ఆఫీసులో హింసకు బెదిరింపు అన్నది అమెరికాలో నవ్వులాట కాదు. అది రుజువైతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఈ వీసా మీద ఉన్నవాడు రెండు నెలల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. అలాంటి కారణంతో తీసేసినవాణ్ణి రెండు నెలల్లో ఎవరు తీసుకుంటారు?

శనివారం మేమిద్దరం వాళ్లింటికి వెళ్లాం. అతను సోఫాలో ఒక మూలకు ఒదిగి కూర్చున్నాడు. "అన్నా, నేను ఇంట్ల కోడిని కూడ కొయ్యలేను. షాపుల కొట్టించుకొని వస్త. నేను మనిషి గొంతు కోస్తనా?" అన్నాడు. అతని భార్య టీ కప్పులు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూతురు మాత్రం నా పక్కకు వచ్చి నిలబడింది.

"అంకుల్, డాడీ బాస్‌ని వెట్ క్లాత్‌తో ఎలా కట్ చేస్తాడు? క్లాత్ షార్ప్ ఉండదు కదా?"

పుట్టిన దగ్గర్నుంచి ఆ మాట వింటున్నాను. ఒక్కసారీ ఆ ప్రశ్న వేసుకోలేదు.

విశాఖ ఆమె మాత్రం రాత్రంతా ఆలోచించి ఉపాయంతో వచ్చింది. "గొంతు నొప్పికి మా వైపు చేసే వైద్యం అని చెబుదామండీ. గొంతు చుట్టూ తడిగుడ్డ కడతారని."

"బాగుంది. కోయడాన్ని ఏం చేస్తావమ్మా?"

ఆమె కాస్త ఆలోచించింది. "కఫాన్ని కోయడం."

వరంగల్ అతను నావైపు చూసి, "నువ్వేం చెప్తె గదే అన్నా. నిన్నే పిలుస్తరు. నువ్వే పెద్దోడివి," అన్నాడు. నిజంగానే నన్నే పిలిచారు. బాట్ పెట్టినవాణ్ణి, తెలుగు వచ్చినవాణ్ణి, ఎలుక పట్టినవాణ్ణి కూడా నేనే.

సోమవారం ఆఫీసుకి వెళ్లేసరికి క్యాంటీన్‌లో ప్రతి బల్ల కింద ఒక బోను ఉంది. అందులో వేరుశనగ వెన్న. సారాంశంలో 'చేయవలసిన పనులు' అని ఉన్నవన్నీ బాట్ ఆయా విభాగాలకు తనే పంపేస్తుందట. బిల్డింగ్ చూసుకునేవాళ్లు వెంటనే స్పందించారు. మామూలుగా ఒక బల్బు మార్చడానికి వాళ్లకు నెల పడుతుంది.

విచారణ మర్నాడు. చిన్న గదిలో హెచ్ఆర్ అధికారిణి, డైరెక్టర్, నేను. గోడ మీది తెరలో ఇంటినుంచి వరంగల్ అతను, కోటు వేసుకుని కూర్చున్నాడు. కాల్ మొదలవగానే అతని పక్కన బూడిదరంగు చదరం కూడా వచ్చింది. హెచ్ఆర్ ఆవిడ దాన్ని చూసి, తర్వాత నన్ను చూశారు. నేను లేచి దాన్ని బయటికి పంపాను. ఆ గదిలో నేను జంకకుండా చేసిన పని అదొక్కటే.

ఆవిడ ముందు ఆ మెయిల్ ముద్రించి ఉంది. కళ్లజోడు సర్దుకుని, ఎంతో మర్యాదగా మొదలుపెట్టారు.

"ఉద్యోగుల చెవుల్లో పువ్వులు పెడుతున్నదెవరు?"

"ఎవరూ పెట్టడం లేదు మేడమ్. మోసం చేస్తున్నారన్నదానికి మేం అలా అంటాం."

"నోట్లో మట్టి?"

"బతుకుతెరువు పోగొట్టడం."

ఆవిడ రాసుకున్నారు. "ఎలుక?"

"ఎలుక లేదు. పెద్ద ప్రయత్నం, చిన్న ఫలితం అని అర్థం. బోనులు అనవసరంగా పెట్టారు."

"నిన్న సాయంత్రం ఒకటి పడిందట," అన్నారు డైరెక్టర్, చిరునవ్వుతో.

హెచ్ఆర్ ఆవిడ కాగితం మీద వేలు కిందికి జరిపారు. "ఇప్పుడు ఈ వస్త్రం సంగతి. మీకో విషయం చెప్పాలి. రికార్డింగ్‌ను తెలుగు తెలిసిన ఒక అనువాదకుడికి పంపించాం. ఆయన నివేదిక మధ్యాహ్నానికి వస్తుంది. ముందు మీ నోటివెంట వినడం న్యాయమనిపించింది."

కఫం వైద్యం అక్కడితో నా గొంతులోనే ఆగిపోయింది.

"అది కూడా మాటతీరే మేడమ్," అన్నాను. "కత్తితో కోస్తే తెలుస్తుంది, నొప్పి పుడుతుంది, కేకలు వేస్తాం. తడిగుడ్డ చల్లగా, మెత్తగా ఉంటుంది. కోస్తున్నట్టే తెలియదు. మెత్తగా ఉంటూనే కీడు చేసే మనిషి గురించి అలా అంటారు."

"అయితే ఇక్కడ కోస్తున్నదెవరు?"

"మా భాషలో కర్తను చెప్పకుండానే వాక్యం నడుస్తుంది మేడమ్. ఆ అబ్బాయి 'కోసుడే' అన్నాడు. ఎవరు అని అనలేదు. బాట్ తనకు తోచిన మనిషిని పెట్టుకుంది."

"వ్యాకరణం సరే. వినేవాళ్లకు ఏమని అర్థమవుతుంది?"

తప్పించుకునే దారి లేదు. తెరవైపు చూశాను. అతని వెనక గోడ మీద కూతురు క్రేయాన్లతో వేసిన ఇల్లు బొమ్మ ఉంది. మేం కోస్తాం అన్న అర్థం చెబితే అతని ఉద్యోగం ఈ రోజే పోతుంది. డైరెక్టర్ కోస్తారు అంటే ఉద్యోగం నిలుస్తుంది. కాని గ్రీన్ కార్డు కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఆయన నాకు అడుగు దూరంలో కూర్చుని, నేనేం చెబుతానోనని నవ్వుతూ చూస్తున్నారు.

"కోసేది డైరెక్టర్ గారు," అన్నాను. "కోయించుకునేది మేము."

హెచ్ఆర్ ఆవిడ కాగితం మీది ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివారు.

"అంటే ఇది బెదిరింపు కాదు," అన్నారు మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు. "వర్ణన."

ఆ మాట పైకి వచ్చేసిందని ఆవిడకు కాస్త ఆలస్యంగా తెలిసినట్టుంది. తల వంచుకుని రాయడం మొదలుపెట్టారు. ఆవిడ భుజాలు మాత్రం కదులుతున్నాయి.

డైరెక్టర్ ముఖంలో చిరునవ్వు అలవాటుకొద్దీ ఇంకాసేపు నిలిచి, ఆరిపోయింది. నొచ్చుకున్నారనుకున్నాను. కోప్పడతారనుకున్నాను. ఆయన హెచ్ఆర్ ఆవిడ వైపు తిరిగి, "లేఆఫ్స్ సంగతి వీళ్లకెవరు చెప్పారు?" అన్నారు.

ఆవిడ కలం ఆగింది.

"ఏ లేఆఫ్స్?" అన్నాడు తెరమీద వరంగల్ అతను.

ఆ ఉద్యోగాల కోత కబురు గది దాటడానికి ఏ బాట్ సాయమూ అక్కర్లేకపోయింది. భోజనాల వేళకు కంపెనీ అంతా అదే మాట. మధ్యాహ్నం అనువాదకుడి నివేదిక వచ్చింది. నేను చెప్పినట్టే ఉందట. పైగా "ఈ సందర్భంలో వాడుక సముచితంగా ఉంది" అని చివర ఒక వాక్యం తగిలించాడట. ఆ మహానుభావుడెవరో నాకు తెలియదు. కనిపిస్తే భోజనం పెట్టేవాణ్ణి.

వరంగల్ అతని బ్యాడ్జి మర్నాడే పనిచేసింది. లేఆఫ్స్ వాయిదా పడ్డాయి, కొన్ని నెలల తర్వాత చిన్నగా జరిగాయి. ఆ విడతలో మా ముగ్గురి జోలికీ ఎవరూ రాలేదు. ఒకసారి విచారించి నిర్దోషులన్నవాళ్లను తీసేస్తే కక్ష తీర్చుకున్నట్టుంటుందని లాయర్లు చెప్పారట. జన్మలో ఒక్క సామెత వాడని బుద్ధిమంతులు కొందరు మాత్రం ఇంటికి వెళ్లారు. దీన్నుంచి మీరేం నేర్చుకోవాలో నాకు తెలియదు.

బాట్‌కి నేను తెలుగు తీసేశాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం మాకు ఒకే సారాంశం వచ్చేది: "పాల్గొన్నవారు గుర్తుతెలియని భాషలో మాట్లాడి నవ్వారు. చేయవలసిన పనులు ఏమీ లేవు." విశాఖ ఆమె టేపు తీసి పారేసింది. దాంతో లాభం లేదని తేలిపోయింది కదా అంది. వరంగల్ అతను కొత్త ఫోన్‌లో ఆ మెయిల్‌ను ఫోటో తీసి పెట్టుకున్నాడు. కెమెరా నిజంగానే బాగుందట.

ఆ విడతలోనే డైరెక్టర్ ఉద్యోగం కూడా పోయింది. పై ఆఫీసు వాళ్లు వీడియో కాల్‌లో, ఎంతో మన్ననగా చెప్పారట. ఆయన ఖాతాలు మూసి, లాప్‌టాప్ తీసుకోవడం నా పని. ఆఖరి రోజున ఆయన గదికి వెళితే, సామాను ఒక అట్టపెట్టెలో సర్దుకుంటున్నారు. ఛార్జర్ తీగ చక్కగా చుట్టి ఇచ్చారు. ఇన్నేళ్లలో ఛార్జర్ అలా చుట్టి ఇచ్చినవాళ్లను ఇంకెవరినీ చూడలేదు.

పెట్టె బరువుగా ఉంటే నేనో వైపు పట్టుకున్నాను. ఇద్దరం బయటి తలుపు దగ్గరికి వచ్చేసరికి వరంగల్ అతను అక్కడ నిలబడి ఉన్నాడు. ముందురోజే అతనికి లాయర్ ఆఫీసునుంచి మెయిల్ వచ్చింది. గ్రీన్ కార్డు కాగితాల మీద డైరెక్టర్ సంతకం పెట్టేశారని. వెళ్లిపోయే వారంలో, ఎవరూ అడగకుండా, తనే గుర్తుపెట్టుకుని పెట్టారు.

అతను తలుపు తీసి పట్టుకున్నాడు. థాంక్స్ చెబుతాడనుకున్నాను. నోట తెలుగే వచ్చింది. "పోయి రండి సార్," అన్నాడు.

డైరెక్టర్ ఆగి నావైపు తిరిగారు. ఆ విచారణ తర్వాత ఆయనకు మా మాటలంటే భయమో ఆసక్తో, అర్థం తెలుసుకోకుండా వదిలేవారు కాదు.

"ఏమన్నాడు?"

"వెళ్లి, మళ్లీ రండి అన్నాడు."

"నేనింక రాను కదా," అన్నారాయన. "ఆ సంగతి అతనికి తెలుసు కదా?"

"తెలుసు సార్," అన్నాను. "అయినా మా భాషలో ఒక్క 'పొండి' అని ఎవరినీ సాగనంపం."

ఆయన పెట్టెను ఒకసారి సర్ది పట్టుకున్నారు. తర్వాత వరంగల్ అతని వైపు తిరిగి, నాలుక ఎటు తిప్పాలో తెలియక రెండుసార్లు తడబడి, "పోయి రండి," అన్నారు. వెళ్లేవాడు అనాల్సిన మాట అది కాదు. మేం సరిదిద్దలేదు.